కరీం బాషా గుండ్రటి అక్షరాలు

కరీం బాషా కుంచెను కిరసనాయిల్లో జాడించి, రేకు స్టెన్సిలును బోర్డు మీంచి లేపాడు. మొహం చిట్లించాడు. ‘ఆగండి, పైన బరువు’ అని ఉండాలి అక్కడ. అక్షరాలా అవి! తలకట్టు ఓ చోట, ఒళ్ళు ఓ చోట, మధ్యలో సందులు, మొనలన్నీ సూదులు. హైదరాబాదు నుంచి తెప్పించారట ఈ వైభోగాన్ని.

అరవై ఏడు నుంచీ, అంటే పదిహేడేళ్ళుగా, హార్బరు పక్కనున్న ఈ కాంట్రాక్టు యార్డులో బోర్డులన్నీ బాషా చేతివే. మంచినీళ్ళు, కేంటీను, ఆడవాళ్ళకి. ఒకే మందం గీత, మూలల్లేవు, చివర్లు వేలికొసల్లా గుండ్రం. సోకుకి కాదు. వయోజన బడిలో మొన్నమొన్న ఓనమాలు దిద్దిన కూలీలు దూరం నుంచి గుర్తుపట్టాలని. ముందు నేల మీద సుద్దతో రాసి, ముప్పై అడుగుల అవతల ఎవరినో నిలబెట్టి చదివించేవాడు. తడబడితే అక్షరం పొట్ట ఇంకాస్త పెంచేవాడు. ఎక్కువసార్లు దొరికేది గంప మోసే నూకాలు.

ఆవేళా పిలిచాడు. “నూకాలూ, సదువే.”

నూకాలు గంప దించి కళ్ళు చికిలించింది. “ఏటి బాబాయ్ ఇది? నువ్వు రాసిందేనా? నాకేటీ తెల్డం నేదు.”

బాషాకి ఒళ్ళు మండిపోయింది. తడి బోర్డుని రెండు చేతుల్తో ఎత్తి పట్టుకుని మేనేజరు నరసింహమూర్తి గదిలోకి దూసుకెళ్ళాడు.

“సార్, దీన్ని మనోళ్ళు సదవనేరు. నా అక్షరాల్తో గంటలో రాసేత్తాను.”

“నీ అక్షరాలు బిస్కట్ పొట్లం మీద బాగుంటాయి బాషా. ఎల్లుండి పెద్దవాళ్ళొస్తున్నారు.”

“పెద్దోళ్ళు క్రేను కింద నడుత్తారేటి సార్?”

“వెళ్ళి కట్టు. ఇష్టం లేకపోతే గేటు అటుంది.”

ఛీ! పదిహేడేళ్ళ చాకిరీకి దక్కిన మర్యాద అది. ఇంట్లో భార్య మహబూబున్నీసా ఉబ్బసం, మందుల ఖర్చు గుర్తొచ్చి బోర్డు తీసుకుని బయటికి నడిచాడు. కొత్త క్రేను తిరిగే దారి మొదట్లో తన చేత్తోనే బోర్డు కట్టి, షెడ్డుకొచ్చి వరసగా బీడీలు కాల్చాడు. మధ్యాహ్నం అన్నం ముట్టలేదు.

మూడు గంటలకి నూకాలు దగ్గరి దారని ఆ బోర్డు దాటి క్రేను కిందుగా వెళ్ళింది. పైనుంచి ఓ ఇనప బద్ద జారి ఆమె మీద పడింది. అరుపు కూడా వినబడలేదు. క్రేను ఉన్నట్టుండి ఆగిపోతే అందరూ పనులాపి పరుగెత్తారు. అప్పటికే ప్రాణం పోయింది.

నరసింహమూర్తి వచ్చి ముందు బోర్డు వైపు చూశాడు. “బోర్డుంది కదా! చూసుకోవద్దూ?”

“సదవనేనని నాతో సెప్పింది! నాను నీతో సెప్పాను!” బాషా మేనేజరు చొక్కా పట్టుకుని గుంజాడు. ఇద్దరు కూలీలు లాగినా వదల్లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున్న ఆమె ఏటని అడిగింది. అక్షరాల మీద కోపంతో ఊగిపోతూ వెళ్ళిపోయాడే గానీ, అందులో ఏం రాసుందో ఆమెకి చెప్పలేదు. ఎంత మాట అది? ఆగు, పైన బరువు. ఆ మాత్రం చెప్పలేదు దౌర్భాగ్యుడు!

చొక్కా వదిలేశాడు. నూకాల్ని మోసుకుపోయాక, ఎవరినీ అడక్కుండా బోర్డు మీద తెల్లరంగు కొట్టి, తన అక్షరాలు మొదలుపెట్టాడు. తడి రంగు మీద పొట్టలు వంకర్లు పోతున్నా దిద్దలేదు. ఎవరూ ఆపలేదు.

బోర్డు అవతల, దారి మధ్యలో, గంప కింద పెట్టుకునే చుట్టకుదురు పడి ఉంది, పాత చీర పేలికలు చుట్టింది, నూకాలు తల చెమట ఇంకా ఆరలేదు.