గౌను కింద ప్యాంటు

ఆదివారం చర్చి నుంచి వచ్చి, కోడికూర వండి, అందరికీ వడ్డించి, గిన్నెలు కడిగాక మార్వలిన్ ఇస్త్రీ బల్ల తెరిచింది. భర్త ఎవర్టన్ చొక్కాలదేముంది, కొడుకు ఖాకీ ప్యాంట్లదేముంది, చిటికెలో అయిపోతాయి. తంటా అంతా కూతురు కిమోన్ యూనిఫాం గౌనుతోనే. ముదురు నీలం గౌను, నడుం నుంచి కింది దాకా మడతలే మడతలు. ఒక్కో మడతనీ వేళ్ళతో సరిచేసి, తడిగుడ్డ పరిచి, ఆవిరి మొహాన కొడుతుంటే ఊపిరి బిగబట్టి నొక్కాలి. ఒక్క మడత పక్కకి జరిగిందా, మళ్ళీ మొదటికే. ఆదివారం పొద్దువాలే వేళ జమైకాలో ఏ వీధిలో నడిచినా గంజి కాలిన వాసన వస్తుంది. ఆ వాసన వెనక ఆడవాళ్ళ నడుంనొప్పి ఉంటుందని ఎవరికీ తట్టదు.

"మడత కత్తిలా ఉండాలి మార్వా," అంది వరండాలో కూర్చుని పచ్చి కందికాయలు ఒలుస్తున్న అత్తగారు, ఊళ్ళో అందరూ గౌరవంగా మిస్ ఐసిలిన్ అని పిలిచే పెద్దావిడ. "పిల్ల గౌను చూస్తే తల్లి ఎలాంటిదో తెలిసిపోద్ది."

తండ్రి ఎలాంటివాడో తెలియాలంటే ఏ బట్ట చూడాలో, అనుకుంది మార్వలిన్. పైకి అనలేదు. పెళ్ళయిన కొత్తలో ఇలాంటివి అనేసేది. అన్నప్పుడల్లా ఎవర్టన్ రెండు రోజులు మొహం గంటు పెట్టుకునేవాడు. ఆ మొహాన్ని మామూలు చెయ్యడం కూడా ఆమె పనే. ఆ పని తగ్గించుకోడానికే మాట తగ్గించుకుంది. దాన్నే ఊళ్ళో వాళ్ళు మార్వలిన్ మంచితనం అంటారు.

అప్పుడే కిమోన్ వచ్చింది. పదహారేళ్ళ పిల్ల, ఇంట్లో ఉన్నంతసేపూ అన్న పాత చొక్కాలోనే ఉంటుంది. ఇస్త్రీ చేసిన ఖాకీ ప్యాంటు ఒకటి చేతిలోకి తీసుకుంది.

"మమ్మీ, ఇది నాకిచ్చెయ్యవా? బడికి వేసుకెళ్తా."

సోఫాలో వాలి క్రికెట్ చూస్తున్న ఎవర్టన్ పగలబడి నవ్వాడు. "అదేంటే, మగరాయుడివా? నీ అన్నకి గౌను తొడగమంటావేంటి మరి?"

మిస్ ఐసిలిన్ కూడా నవ్వింది. కిమోన్ నవ్వలేదు. ప్యాంటు కింద పెట్టకుండా తల్లి వైపు చూస్తూ నిలబడింది. మార్వలిన్ ఆ చూపు గమనించింది కానీ, పెట్టె కింద మడత కాలిపోతుందేమోనన్న ధ్యాసలో పడిపోయింది.

మర్నాడు ఆమె మందుల దుకాణంలో కౌంటరు దగ్గర ఉండగా బడి నుంచి ఫోను వచ్చింది. వైస్ ప్రిన్సిపాల్ మిసెస్ పెనికుక్. "మీ అమ్మాయి గౌను కింద మగపిల్లాడి ప్యాంటు తొడుక్కొచ్చింది. గేటు బయట ఆపేశాం. పదింటికి ఫిజిక్స్ ప్రాక్టికల్ ఉంది. ఆ మార్కులు ఫైనల్‌లో కలుస్తాయని మీకు తెలుసనుకుంటా. వచ్చి మాట్లాడండి."

సెలవడిగితే దుకాణం యజమాని గడియారం వంక, ఆమె వంక మార్చి మార్చి చూశాడు. "వెళ్తే వెళ్ళు. కోటు మాత్రం విప్పి వెళ్ళు. దుకాణం కోటు దుకాణం దాటకూడదు." ఆ కోటు ఉతికేదీ ఆమే, ఇస్త్రీ చేసేదీ ఆమే. కోటు మాత్రం ఆయనది. విప్పి కొక్కేనికి తగిలించి, లోపలున్న చేతుల్లేని జాకెట్టుతోనే ఎండలోకి పరుగు తీసింది.

బడి గేటు దగ్గర గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏమనుకోకమ్మా, భుజాలు కనపడితే లోపలికి పంపకూడదు. రూలు." గార్డు గదిలో మేకుకి ఒక శాలువా వేలాడుతోంది. ఇలా వచ్చే తల్లుల కోసమే దాన్ని ఉంచుతారు. ఎంతమంది చెమట పట్టిందో ముట్టుకోకుండానే తెలుస్తోంది. "ఇది కప్పుకో, పంపిస్తా."

మార్వలిన్ శాలువా చేతిలోకి తీసుకుంది కూడా. ఇంతలో గోడ పక్కన నీడలో కూర్చున్న కిమోన్ కనపడింది. నిన్న అంత ఒళ్ళు హూనం చేసుకుని పెట్టిన మడతలన్నీ నలిగిపోయి ఉన్నాయి. గౌను కింద నుంచి అన్న ఖాకీ ప్యాంటు బయటికి కనపడుతోంది. మార్వలిన్‌కి ఒళ్ళు మండింది.

"పరీక్ష రోజే దొరికిందా నీకు ఈ వేషం? విప్పు ముందు!"

"విప్పను."

"ఎందుకే?"

కిమోన్ చెప్పు కొనతో మట్టి గీకింది. "టాక్సీలో ఒళ్ళో కూర్చోవాలి కాబట్టి."

బడి వేళకి టాక్సీల్లో జనం కిక్కిరిసిపోతారు. ఇంకొకరిని ఎక్కించాలంటే పెద్దవాళ్ళని సీట్లో కూర్చోబెట్టి బడిపిల్లల్ని వాళ్ళ ఒళ్ళో కుదేస్తారు. మార్వలిన్ కూడా చిన్నప్పుడు అలాగే వెళ్ళింది. అందరూ వెళ్ళినవాళ్ళే. ఎవరి ఒడిలో ఎంత నరకం పడ్డారో ఎవరూ మాట్లాడుకోరు.

"ఎప్పుడూ టై కట్టుకుని ఎక్కే ఆయన చేతులు ఒకచోట ఉండవు మమ్మీ. గౌనుంటే అడ్డేముంటుంది? ప్యాంటుంటే కాస్త నయం."

"కానీ నువ్వు ఎక్కేది..." అని మార్వలిన్ ఆగిపోయింది. కిమోన్ ఎక్కేది తండ్రి టాక్సీ. కన్నతండ్రి బండి ఉండగా దానికేం భయమని అత్తగారు అందరితో గొప్పగా చెప్పే టాక్సీ.

"డాడీకి చెప్పావా?"

"చెప్పా. ఒకటి కాదు, రెండుసార్లు. ఎంత దూరమని, కొంచెం ఒదిగి కూర్చో, ఆయన రోజూ ఎక్కే మనిషి అన్నాడు."

మార్వలిన్ వెనక్కి తిరిగి శాలువా గార్డు చేతిలో పెట్టేసింది. "నాకొద్దు నాయనా. నేను ఇక్కడి నుంచే మాట్లాడతా. ఆవిడని పిలువు."

మిసెస్ పెనికుక్ వచ్చింది. ఆ ఎండలో పొడుగు చేతుల కోటు, కాళ్ళకి మేజోళ్ళు, ముక్కు మీద చెమట. మార్వలిన్ గొంతు తగ్గించలేదు. టాక్సీ సంగతీ, ఒడి సంగతీ, ఆ టాక్సీ తన మొగుడిదేనన్న సంగతీ గేటు ఊచల్లోంచి చెప్పేసింది. ఆలస్యంగా వచ్చి అక్కడే నిలబడ్డ ఇద్దరు ముగ్గురు పిల్లలు తలలు వంచుకున్నారు. వాళ్ళలో ఒకమ్మాయి, ఎవరూ అడక్కుండానే, గౌను కొద్దిగా పైకెత్తి మోకాలి దాకా ఉన్న నిక్కరు చూపించింది.

మిసెస్ పెనికుక్ ఊచలకి దగ్గరగా జరిగింది. తర్వాత గొంతు బాగా తగ్గించి, "నేను కూడా ఆ టాక్సీలెక్కే చదువుకున్నానమ్మా," అంది. "ఒక పని చెయ్యండి. ప్యాంటు పైకి మడుచుకోమనండి, కనపడకుండా. నేను చూడనట్టే ఉంటా."

దయతోనే అంది, ఆ సంగతి మార్వలిన్‌కి అర్థమైంది. నిన్నటిదాకా అయితే కళ్ళనీళ్ళు పెట్టుకుని థాంక్స్ చెప్పేది.

"ఇది దాచుకోవాల్సింది ఏం చేసింది మేడమ్? దాచుకోవాల్సింది ఆ చేతులున్నవాళ్ళు కదా." కూతురి వైపు తిరిగింది. "నీకేం కావాలే? నీ నోటితో చెప్పు."

"పరీక్ష రాయాలి," అంది కిమోన్. కొంచెం ఆగి, "ఇలాగే రాయాలి" అంది. పక్క జిప్పు లాగి గౌను తల మీదుగా తీసేసింది. తెల్ల చొక్కా, స్కూలు టై, ఖాకీ ప్యాంటు. అన్న రోజూ ఆ పక్క బడికి వెళ్ళే వేషం అదే, వాడినెవరూ గేట్లో ఆపలేదు. గౌను తల్లి చేతికిచ్చి గేటు ముందు నిటారుగా నిలబడింది.

మిసెస్ పెనికుక్ చేతి గడియారం చూసుకుంది. "గేటు తియ్యి," అంది గార్డుతో. "పరీక్ష పోతుంది. మిగతాది రేపు చూద్దాం."

"రేపు కూడా ఇలాగే వస్తుంది మేడమ్," అంది మార్వలిన్. గార్డు గేటు తీశాడు. కిమోన్ పరుగెత్తింది. ఆ పిల్ల అలా పెద్ద పెద్ద అంగలేసి పరుగెత్తడం మార్వలిన్ చూసి ఎన్నేళ్ళయిందో.

వెనకనుంచి హారన్ మోగింది. ఎవర్టన్ టాక్సీ. బడివాళ్ళు అతనికీ ఫోను చేసినట్టున్నారు. బండి ఆపి, దిగకుండానే కిటికీలోంచి అరిచాడు.

"సిగ్గుందా మార్వా? పిల్ల గౌను చేతిలో పట్టుకుని, ఆ చేతుల్లేని జాకెట్టుతో నడిరోడ్డు మీద! నా పరువేం కాను? ఎక్కు, ఇంటికెళ్ళి మాట్లాడదాం."

వెనక సీటు నిండా జనం. చివర కిటికీ పక్కన టై కట్టుకున్న ఒక పెద్దమనిషి, ఆయన ఒళ్ళో కొత్తగా బళ్ళో చేరిన చిన్నపిల్ల, సంచీ గుండెకి అదుముకుని కిటికీలోంచి బయటికే చూస్తూ. మార్వలిన్ తలుపు తెరిచి చెయ్యి అందించింది. "దిగు తల్లీ." ఆ పిల్ల ఎందుకని అడగలేదు. ఒక్క దూకులో దిగింది.

"ఏంటే నీ గోల? ప్యాసింజర్ల ముందు!" ఎవర్టన్ గొంతు ఈసారి అంత పైకి లేవలేదు.

మార్వలిన్ ముందు కిటికీ దగ్గరకొచ్చి వంగింది. పద్దెనిమిదేళ్ళ కాపురంలో అతను కోపంగా ఉన్నప్పుడు కళ్ళలోకి చూడటం ఇదే మొదలు.

"రోజూ అది నీ వెనకే కూర్చుంది. నీ నెత్తి మీద ఇంత అద్దం ఉంది. వెనకొచ్చే బండ్లన్నీ కనపడ్డాయి. నీ కూతురి మొహం కనపడలేదా ఎవర్టన్?"

ఎవర్టన్ కళ్ళు అద్దంలోకి వెళ్ళాయి. వెనకున్న పెద్దమనిషి మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నాడు.

"కనపడేది," అన్నాడు ఎవర్టన్ అద్దంలోంచి కళ్ళు తియ్యకుండానే, ఎవరికీ వినపడకూడదన్నట్టు.

ఆ మాట వినేదాకా అతను కనపడలేదంటాడేమోనని, అంటే నమ్మేద్దామని, ఆమెకి ఏ మూలో ఆశ ఉండింది.

"అయితే దిగి, ఆ మనిషిని నీ బండిలోంచి దింపు," అంది మార్వలిన్. "తర్వాత బండి ఇక్కడే పెట్టుకుని ఉండు. పరీక్ష రాసి అది బయటికొస్తుంది. ఇప్పుడు నాతో అన్నది దాని మొహం చూసి అను. ఆ తర్వాత నిన్ను ఇంటికి రానివ్వాలో వద్దో అది చెప్తుంది."