సుద్దగీత గది

ఆటకు నియమం ఒక్కటే. నేల మీద సుద్దముక్కతో గీసిన చదరపు గదిలో ఒకరు నిలబడాలి. మిగతావాళ్లంతా అటు తిరిగి నిలబడతారు. లోపలున్న మనిషి నాటకంలో తన మాట చెప్పాలి. తననే పిలిచినట్టు అనిపిస్తేనే ఎవరైనా ఇటు తిరగాలి. ఒక్కరు తిరిగినా గీత దాటి రావచ్చు.

నాటకం నేర్పే మేడమ్ హాలు తలుపుకు గడియ పెట్టించి రోజుకో ఆట ఆడించేది. మొన్న అందరిచేతా ఆవులిస్తూ మాటలు చెప్పించింది, నిన్న కుంటుతూ. అవన్నీ నవ్వులతో గడిచిపోయాయి. ఇదే గుసగుస పీకల మీదికి వచ్చింది.

గుసగుస అన్నది ఆ అమ్మాయికి తరగతి పెట్టిన పేరు. హాజరు పలికినా పక్క బెంచీకి వినపడదు. నాటకంలో ఆమెది ఒకే ఒక్క మాట. గదిలో బంధించిన చెల్లెలు "తలుపు తీయండి" అంటుంది, అంతే. ఈ పూట ఎవరూ తిరగకపోతే ఆ వేషం మైకుకు ఇచ్చేస్తానని మేడమ్ ముందే చెప్పింది. మైకు అంటే వరండాలో మాట్లాడితే మేడ మీదికి వినపడే పిల్ల.

పొద్దున అద్దం ముందు జడ వేసుకుంటున్నప్పుడు మాట చక్కగానే వచ్చింది. ఇక్కడ ఎదురుగా అన్నీ వీపులే. మొదటిసారి అంటే ఒక్క వీపూ కదల్లేదు. రెండోసారి గొంతు పెంచబోతే కీచుమంది, ఎవరో కిసుక్కున నవ్వారు. సుద్దగీత వేలెడు వెడల్పు కూడా లేదు. అయినా చుట్టూ గోడ కట్టినట్టే ఉంది.

మూడోసారి ఊపిరి పీల్చుకుందో లేదో, వరస చివర నిలబడ్డ అక్క, ఆమె పెద్దమ్మ కూతురు, గిరుక్కున తిరిగింది.

"నన్నే పిలిచింది మేడమ్."

గుసగుస ఇంకా నోరే తెరవలేదు. హాలంతా గొల్లుమంది. చెల్లెలి మనసులో మాట కూడా ఈవిడకి వినపడిపోతుందని మైకు అంటే, మేడమ్ సైతం నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

గుసగుసకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. చిన్నప్పటినుంచీ ఇదే వరస. ఏం చదువుతున్నావని చుట్టాలు అడిగితే అక్కే చెప్పేది. కొట్లో ఏం కావాలన్నా అక్కే చెప్పేది. ఆమె నోరు తెరిచేలోపు ఆమె మాట అక్క నోట్లో ఉండేది.

"నువ్వు అటు తిరుగక్కా," అంది. "నా మాట నేనే అంటాను."

అక్క మొహం చిన్నబుచ్చుకుని తిరిగింది.

గుసగుస కళ్లు మూసుకుంది. వీపులు పోయాయి, గీత పోయింది. ఊపిరాడని గది మాత్రం మిగిలింది.

"తలుపు తీయండి."

గట్టిగా ఏమీ అనలేదు. ఎవరూ ఇటు తిరగలేదు కూడా. మైకు మాత్రం విసుక్కుంటూ వరస వదిలి, నేరుగా హాలు తలుపు దగ్గరికి నడిచి, గడియ లాగి బయటికి తొంగి చూసింది.

"ఎవరూ లేరే," అంది. అందరూ తననే ఎందుకు చూస్తున్నారో అప్పుడు అర్థమై నాలుక కరుచుకుంది.

మేడమ్ బయటికి రమ్మన్నట్టు తల ఊపింది. అక్క చేయి అందించబోయి, ఆగి, వెనక్కి తీసుకుంది. గుసగుస గడప దాటినట్టు కాలు పైకెత్తి గీత దాటింది.