కవిగారి రిపోర్టు

స్టేషన్‌లో ఆ హెడ్ కానిస్టేబుల్‌ని అందరూ కవిగారనే పిలిచేవారు. తప్పిపోయిన కుక్క గురించి ఫిర్యాదు రాసినా చదివినవాళ్లకు కళ్లు చెమర్చేవి.

ఒక మధ్యాహ్నం సెల్‌ఫోన్ల షాపులో చేతివాటం చూపించి పారిపోతున్నవాణ్ణి ఆయన వీధి చివరిదాకా తరిమి పట్టుకున్నాడు. నిజంగా మంచి పనే. ఆ తర్వాత రిపోర్టు రాయడానికి కూర్చున్నాడు. "పశ్చాత్తాపంతో కన్నీరు నిండిన కళ్లతో నిందితుడు పరుగెత్తుచుండగా" అని మొదలుపెట్టి మూడు పేజీలు నింపాడు.

కోర్టులో నిందితుడి తరఫు లాయరు ఆ వాక్యాన్ని తీరిగ్గా చదివాడు.

"మీరు వెనక నుంచి తరిమారు కదా?"

"అవునండి."

"మరి కళ్లెలా కనిపించాయి?"

కవిగారు రిపోర్టు పేజీలు తిరగేశాడు. దొంగ దగ్గర ఫోన్లు ఏ జేబులో దొరికాయో మాత్రం ఆ మూడు పేజీల్లో ఎక్కడా లేదు. సాక్ష్యం నమ్మదగ్గది కాదని కేసు కొట్టేశారు. దొంగ వెళుతూ వెళుతూ ఆయనకు దణ్ణం పెట్టి మరీ వెళ్లాడు.

మండిపడ్డ ఇన్‌స్పెక్టరు ఆయన్ని ట్రైనింగ్ సెంటర్‌కి తోలాడు. పెట్టె సర్దుతూ భార్య, "అక్కడైనా కాస్త పొదుపుగా రాయండి," అంది.

అక్కడ ప్రిన్సిపాల్ ఆర్డరు చూసి, సుద్దముక్క తీసి ఆయన చేతిలో పెట్టాడు.

"రిపోర్టు రాయడం చెప్పేవాళ్లు లేక అల్లాడుతున్నాం. పదండి."

"సార్, నేను నేర్చుకోడానికి వచ్చానండి."

"అలాగని ఎక్కడుంది? 'రిపోర్టు రచనలో శిక్షణ నిమిత్తం పంపడమైనది.' ఇవ్వడానికో పుచ్చుకోడానికో మీ ఇన్‌స్పెక్టరు రాయలేదు. మాకు లేనివాళ్లు చెప్పేవాళ్లే."

క్లాసులో కొత్త పోలీసులు లేచి సెల్యూట్ కొట్టారు. చెప్పడానికి ఆయన దగ్గర ఉన్నది ఒక్కటే పాఠం. తన కేసునే దాపరికం లేకుండా చెప్పాడు. ఎవరూ నవ్వలేదు.

"చూసింది రాయండి. అనుకున్నది ఇంటికెళ్లి చెప్పుకోండి," అని, తను లోపలికి వచ్చినప్పటి నుంచి జరిగిందంతా రాయమన్నాడు.

ముందు బెంచీలో అమ్మాయి, "సారు చాలా బాధపడ్డారు," అని రాసింది.

"బాధపడ్డానని నీకెలా తెలుసమ్మా?"

"మాట మధ్యలో ఆగిపోయారు సార్. చేతిలో సుద్దముక్క విరిగింది."

"అయితే అదే రాయి. బాధ సంగతి నేను చూసుకుంటాను."

పొరపాటు సరిదిద్దుతూ ఇన్‌స్పెక్టరు మరో ఆర్డరు పంపేసరికి, కవిగారి శిష్యులు రెండు బ్యాచ్‌లు డ్యూటీలో చేరిపోయారు.