రెండు హాళ్ల బండి

నేను ఒక మోటారు సైకిల్ని. ఈ రోజుల్లో చప్పుడైనా చేయకుండా పక్కనుంచి జారిపోయే సన్నపాటి బళ్లతో నన్ను కలిపేయకండి. ఒంటి సిలిండరు, నిండైన ఇనుప ఒళ్లు, వీధి మలుపు తిరక్కముందే గుర్తుపట్టే గొంతు నావి. మద్రాసు దగ్గర ఒక కార్ఖానాలో పుట్టాను. ఆఖరి బోల్టు బిగించిన మనిషి, సంతలో ఎద్దును మెచ్చుకున్నట్టు నా ట్యాంకు మీద ఒక్కటి చరిచాడు. నా గర్వం అక్కడే మొదలైందనుకుంటాను.

నన్ను కొన్నది చీరాలలో సినిమా హాలున్న కోటిలింగం గారు. పక్కనే వేటపాలెంలో ఆయనకు ఇంకో హాలుండేది. రెండింటికీ కలిపి బొమ్మ ఒక్కటే తెప్పించేవారు. చీరాలలో ఆట ముందు మొదలయ్యేది, వేటపాలెంలో కాస్త ఆలస్యంగా. ఇక్కడ ఒక రీలు తిరగడం అయిపోగానే దాన్ని రేకు డబ్బాలో పెట్టి అక్కడికి చేర్చాలి. అది చేరేలోపు అక్కడి రీలు అయిపోయిందంటే తెర తెల్లబోతుంది, జనం కుర్చీల మీదికెక్కుతారు. ఆ పరుగు కోసమే నన్ను కొన్నారు. నన్ను నడపడానికి వేటపాలెం నేతగాళ్ల వీధిలోంచి పున్నయ్యను పిలిపించారు.

పున్నయ్య గురించి ఒక్క ముక్క చెబితే చాలు. ఒక వానాకాలం ఆట మధ్యలో కుండపోతగా కురిసింది. ఆయన తన వానకోటు విప్పి రీలు డబ్బాకు చుట్టాడు. తాను తడిశాడు, నేనూ తడిశాను. దారిలో నీళ్లు దిగి నేను ఆగిపోతే, నా ప్లగ్గు ఊడదీసి, టోపీ లోపలి పొడి గుడ్డతో తుడిచి మళ్లీ బిగించాడు. వేటపాలెం హాలు దగ్గరికి వెళ్లేసరికి లోపలి జనం నా చప్పుడు విని ఈలలు వేశారు. ఆ ఈలలు హీరోకి కాదు, నాకు. మీ మనుషులు తెర మీద హీరోయిన్ చచ్చిపోతే కొంగులు తడుపుకునేవారు. ఆవిడ ఇందాకే నా వెనక గోనెపట్టాలో చుట్టుకుని, గుంటల్లో ఎగిరెగిరి పడుతూ వచ్చిందని ఒక్కరికీ తట్టేది కాదు.

తర్వాత ఏ హాలుకు ఆ హాలే బొమ్మ తెప్పించుకునే కాలం వచ్చింది, ఆపైన రీళ్లే లేని కాలం వచ్చింది. నేను చీరాల హాలు వెనక షెడ్డులో నిలబడిపోయాను. అయినా పున్నయ్య నన్ను తుప్పు పట్టనివ్వలేదు. హాలుకు కాపలా ఉంటూ, ఏటా దసరాకు నన్ను బయటికి తీసి తోమి, నా పాయింట్లు శుభ్రం చేసేవాడు. పాయింట్లంటే నా కడుపు పక్కన చిన్న మూత కింద ఉండే రెండు లోహపు బిళ్లలు. అవి కలిసి విడిపోతేనే నాకు నిప్పురవ్వ పుడుతుంది. "బండి ప్రాణం ఇక్కడుంటదే" అని భార్య రత్తమ్మకు ప్రతి ఏడూ చూపించేవాడు. ఆమె ప్రతి ఏడూ తల ఊపేది. పూజయ్యాక నన్నెక్కి, ఆమెను వెనక కూర్చోబెట్టుకుని హాలు చుట్టూ ఒక చుట్టు తిరిగేవాడు.

ఈ ఏడు హాలు అమ్ముడుపోయింది. ఆఖరి ఆయుధపూజ కదా అని కోటిలింగం గారు కర్ర పట్టుకుని స్వయంగా వచ్చారు. పూజ కాగానే నన్ను పున్నయ్యకు ఇచ్చేస్తానన్నారు. పున్నయ్య పాయింట్లు తుడిచి, మూత పెట్టబోతుండగా కొబ్బరికాయ కొట్టమని ఆయన లోపలికి పిలిచారు. అప్పుడే రత్తమ్మ గంధం, కుంకుమ తడిపిన గిన్నెతో నా దగ్గరికి వచ్చింది. ట్యాంకుకు పెట్టింది, చక్రాలకు పెట్టింది, హ్యాండిలుకు పెట్టింది. తెరిచి ఉన్న మూత చూసి ఒక్క క్షణం ఆగింది. పైపైన ఎన్ని బొట్లు పెడితే ఏం, ప్రాణం ఉన్నచోట పెట్టాలి గదా అనుకుందేమో, గంధం ముంచిన వేలు సరిగ్గా ఆ రెండు బిళ్లల మధ్యకు పోనిచ్చింది. దాని మీద కుంకుమ అద్దింది. ఏళ్ల తరబడి చూసిన పనే కాబట్టి మూత కూడా ఆమే చక్కగా బిగించింది. అంత భక్తిగా నన్నెవరూ ముట్టుకోలేదు. కానీ గంధం ఆరి గట్టిపడ్డాక బిళ్లకూ బిళ్లకూ మధ్య గోడ కట్టినట్టయింది. చెబుదామంటే నాకు నోరు లేదు.

తిరిగొచ్చిన పున్నయ్య బిగించి ఉన్న మూతను చూసి తానే పెట్టాననుకున్నాడు. నిమ్మకాయలు చక్రాల కింద పెట్టారు. పున్నయ్య కిక్కు కొట్టాడు. నేను పలకలేదు. మళ్లీ కొట్టాడు, మళ్లీ. కోటిలింగం గారి ముఖం వాడిపోయింది. ఆగిపోయిన బండిని పండగపూట ఒకరి చేతిలో పెట్టడం ఆయనకు ఇష్టం లేకపోయింది. పై వారం హాల్లోని పాత మిషన్లను తుక్కుకు పట్టుకుపోవడానికి లారీ వస్తుందనీ, ఈలోపు పలికితే నన్ను తీసుకెళ్లమనీ, లేకపోతే మిషన్లతో పాటే తోలేస్తాననీ చెప్పి వెళ్లిపోయారు.

ఇక చూడండి నా అవస్థ. పున్నయ్య పెట్రోలు మార్చాడు, ప్లగ్గు మార్చాడు. నిప్పురవ్వ లేదు. బ్యాటరీ కొత్తది పెట్టాడు, కాయిల్ మార్చాడు, వైరు మార్చాడు. నిప్పురవ్వ లేదు. టీకొట్టు దగ్గర కూర్చునేవాళ్లంతా వచ్చి తలా ఒక రోగం పేరు చెప్పారు. ఒకాయన కార్బొరేటర్ అన్నాడు, ఇంకొకాయన దిష్టి అన్నాడు. కొత్త బళ్ల మెకానిక్ ఒకతను నా చుట్టూ తిరిగి ఇంజను దించాల్సిందేనన్నాడు. పాయింట్ల మూత జోలికి మాత్రం పున్నయ్య వెళ్లలేదు, ఎవర్నీ వెళ్లనివ్వలేదు. అది తన చేత్తో తుడిచిన చోటు. మనుషులు లోకంలో దేన్నైనా అనుమానిస్తారు గానీ తమ చేతిపనిని మాత్రం అనుమానించరు.

లారీ రానే వచ్చింది, వెంట కోటిలింగం గారూ వచ్చారు. మిషన్లను ఎక్కిస్తుంటే పున్నయ్య చూడలేక నా సీటు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆఖరిసారిగా తాళం తిప్పి కిక్కును కాలితో మెల్లగా కిందికి నొక్కాడు. పక్కనే ఉన్న రత్తమ్మ నా హెడ్‌లైటు మీదున్న చిన్న అద్దంలోకి తొంగి చూసింది. అందులో కరెంటు పారినప్పుడల్లా ఊగే ముల్లు ఉంటుంది. పున్నయ్యకు దాన్ని చూసే అలవాటు లేదు, అంతా కాలికే తెలుస్తుందని ఆయన గొప్ప. వెనక కూర్చునే రత్తమ్మే ఆయన భుజం మీదుగా ఆ ముల్లును చూస్తూ వచ్చింది.

"ఏవయ్యా, కాలు వేసినప్పుడల్లా ఈ ముల్లు ఊగేది గదా. ఇయ్యాళ అసలు కదల్లేదేంది?"

పున్నయ్య కాలు అక్కడే ఆగిపోయింది. పాయింట్లు కలవకపోతేనే ముల్లు అలా బిగుసుకుపోతుంది. కూర్చుని మూత విప్పాడు. లోపల ఎర్రగా, గుండ్రంగా బొట్టు కనిపించింది. రత్తమ్మ కూడా చూసింది.

"నువ్వేగా ప్రాణం ఇక్కడుంటదని చెప్పింది" అంది, ఏడుపు మింగుకుంటూ.

ఆయన కోప్పడతాడేమోనని నేనే భయపడ్డాను. ఆయన మాత్రం గుడ్డ తీసుకోలేదు. గోటితో ఆ కుంకుమను జాగ్రత్తగా గీకి, వేలికి అంటినదాన్ని తన నుదుటికి రాసుకున్నాడు. "చోటు సరిగ్గానే పట్టావు రత్తాలూ" అన్నాడు. మిగిలిన గంధాన్ని పెట్రోలు గుడ్డతో తుడిచి మూత బిగించాడు.

ఒక్క కిక్కు. అంతే, గొంతెత్తాను. లారీ ఎక్కిస్తున్న కూలీలు చేతిలో పని ఆపి చూశారు. కోటిలింగం గారు వచ్చి నా ట్యాంకు మీద చెయ్యి ఆనించి, నా వణుకు కాసేపు అరచేతికి తగలనిచ్చి, వెళ్లమన్నట్టు తల ఊపారు.

రీలు డబ్బా లేకుండా వేటపాలెం దారి పట్టడం నాకది మొదటిసారి. వెనక రత్తమ్మ కూర్చుంది. దారిలో రైలు గేటు పడింది. పక్కన ఆగిన ఒకతను నన్ను చక్రాల నుంచి హ్యాండిలు దాకా తేరిపార చూసి, ఈ బండి ఎవరిదని అడిగాడు. ఇన్నేళ్లూ ఎవరడిగినా పున్నయ్య హాలు వాళ్లదనే చెప్పేవాడు. ఆ రోజు నడుం నిటారుగా చేసుకుని, ఇంజను ఆపకుండానే, "మాదే" అన్నాడు.