ఆయాసం

తడిబట్టల బకెట్టుతో డాబా మెట్లెక్కుతూ సగంలోనే కూలబడ్డాను. కింద నుంచి అత్తయ్య, "మెట్ల మీద కూర్చుని ఏం చేస్తున్నావే, ఫోనా?" అంది. కాదని చెప్పడానికైనా ఊపిరి ఉండాలి కదా.

ఏడాదిగా ఇదే వరస. మా ఆయనతో చెబితే, "ఒళ్ళొచ్చింది, కాస్త నడువు" అన్నాడు. బట్టల షాపులో, బయటికెళ్ళే ద్వారం దగ్గర ఆడవాళ్ళ సంచులు తనిఖీ చేసే ఉద్యోగం నాది. అక్కడ నిలబడి, ఇంటికొచ్చి పొయ్యి ముందు నిలబడి, ఆ పైన నడవడానికి కాళ్ళెక్కడివి? పోరగా పోరగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు నన్ను వదిలేసి ఆయన్ని అడిగాడు, ఇంట్లో ఏమైనా గొడవలా అని. "గొడవలేం లేవు సార్. పని కూడా ఏముంది, అన్నీ మిషన్లే. ఊరికే ఆలోచిస్తుంటుంది." ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ మిషను బట్టలు మోసుకుని డాబా ఎక్కదని చెబుదామనుకునేలోపే నిద్రమాత్రలు రాసేశాడు. నా గుండె మీద గొట్టమైనా పెట్టలేదు.

నేను మాత్రం తక్కువ తిన్నానా? "చెమటలు పట్టినా, చూపు తప్పించినా ఆపెయ్" అని మా మేనేజరు మొదటిరోజే చెప్పాడు. కారు దిగినావిడకి చెమట పడితే పాపం ఎండ అనుకునేదాన్ని. అరిగిన చెప్పులావిడకి పడితే సంచి తెరవమనేదాన్ని. అలా అలవాటైపోయింది.

ఒకరోజు మధ్యాహ్నం షాపులోంచి ఒక పెద్దావిడ తడబడుతూ వచ్చింది. ముఖమంతా చెమటలు. చెయ్యి అడ్డం పెట్టాను. ఆవిడ నా కాళ్ళ దగ్గరే జారిపోయింది. మేనేజరు పరుగెత్తుకొచ్చి, "ఇలాంటి నాటకాలు ఎన్ని చూశాం! ముందు సంచి వెతుకు" అన్నాడు.

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "నాటకం కాదమ్మా, ఊపిరాడట్లేదు."

"వెతకను సార్. అంబులెన్సు పిలవండి."

"దాంతోపాటు వెళ్ళావో, రేపట్నుంచి రానక్కర్లేదు."

వెళ్ళాను. ఆసుపత్రిలో స్ట్రెచరు వెంట పరుగెత్తి, ఆవిడని లోపలికి పంపి, గోడకి చేరగిలబడ్డాను. కాసేపటికి బయటికొచ్చిన డాక్టరమ్మ, "ఆవిడకి ప్రాణభయం లేదు. మీరెందుకు అలా రొప్పుతున్నారు?" అంటూ నన్ను కూర్చోబెట్టి గుండె వింది. చాలాసేపు వింది. పరీక్షలకి పంపింది.

కబురందుకుని మా ఆయన వచ్చేసరికి రిపోర్టులు ఆమె చేతిలో ఉన్నాయి. "అబ్బే, ఏం లేదండీ, ఈవిడ కాస్త..." అని మొదలుపెట్టాడు.

"మీరు బయట కూర్చోండి. నేను చెబుతాను" అన్నాను.

నన్నెప్పుడూ చూడనట్టు చూసి వెళ్ళాడు. నేనే తలుపు వేసి వచ్చి, ఆయాసం ఎప్పుడు మొదలైందో, ఎలా పెరిగిందో చెప్పాను. డాక్టరమ్మ అంతా విని, రిపోర్టులు నా ముందు పెట్టింది.

"గుండెలో ఒక కవాటం బాగా మూసుకుపోయిందమ్మా. ఆపరేషను చెయ్యాలి. ఏడాదిగా ఇంత బాధపడుతూ ఎవరికీ చెప్పలేదా?"

"అందరికీ చెప్పానండీ."