కార్తీక ఉచ్చ పోసిన మధ్యాహ్నం

మద్రాసు చూలైలో శ్రీకుమార్ ఇంట్లో నెల రోజులుగా అత్తాకోడళ్ళ మధ్య మాటలు తక్కువ. తగువు నగల గురించి కాదు, వంట గురించి కూడా కాదు. పది నెలల కార్తీక ఉచ్చ ఎలా పోసుకోవాలన్న దాని గురించి. నవ్వకండి, ఇంతకంటే చిన్నవాటికే పొయ్యిలు వేరైన ఇళ్ళున్నాయి.

అత్తగారు పంకజం పాత మద్రాసు మనిషి. ఆమె పద్ధతి ప్రకారం బిడ్డకు మెడ నిలవగానే పెద్దవాళ్ళు నేలమీద కాళ్ళు చాపుకుని కూర్చోవాలి. బిడ్డను రెండు పాదాల మీద కూర్చోబెట్టుకుని నోటితో “ఉస్స్‌స్‌స్” అనాలి. నిద్ర లేవగానే ఒకసారి, పాలు తాగాక ఒకసారి. కొన్నాళ్ళకు ఆ చప్పుడు వింటే చాలు, బిడ్డ పని కానిచ్చేస్తుంది. కార్తీకకు కూడా అది బాగానే అలవాటైంది.

కోడలు ప్రభది తెనాలి వైపు. తండ్రి సినిమా పాటలకు వయొలిన్ వాయించడానికి వడపళని వచ్చి స్థిరపడ్డాడు. ప్రభ పిల్లల పెంపకం మీద ఏవో పత్రికలు చదివింది. చదివింది మనసులో ఉంచుకోవచ్చు కదా! ఒకరోజు పక్కింటావిడ ముందే, “అత్తయ్యగారూ, సర్కస్‌లో కుక్కపిల్లను ఆడించినట్టు ఆడించకండి. దాని మానాన దాన్ని వదిలెయ్యండి” అని నోరు జారింది. పంకజం బిడ్డను పాదాల మీది నుంచి ఎత్తి తల్లి చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మనవరాలికి అన్నం తినిపించింది, జోల పాడింది కానీ పాదాల మీద మాత్రం కూర్చోబెట్టుకోలేదు. పంతమంటే పంకజానిదే.

తమిళుల ఆడి నెల గాలులు మొదలైన రోజుల్లో బిడ్డకు జ్వరం వచ్చింది. జలుబు లేదు, దగ్గు లేదు, విరేచనాలు లేవు. ఒళ్ళు మాత్రం కాలిపోతోంది.

“చిగుళ్ళలో పండ్లు వస్తా ఉండాయి, అంతే. శ్రీకుమార్‌కీ ఇట్లానే వచ్చింది,” అంది పంకజం గోడవైపు చూస్తూ. సాయంత్రం దిష్టి కూడా తీసింది. మూడో రోజుకు బిడ్డ పాలు వద్దని మొహం తిప్పుకుంది. తోటకూర కాడలా వాలిపోయింది. ఇక ప్రభ ఎవరినీ అడగలేదు. బిడ్డను భుజాన వేసుకుని వేపేరిలో పిల్లల డాక్టరు మోసెస్ దగ్గరికి వెళ్ళింది.

ఆయన చెవులు చూశాడు, గొంతు చూశాడు, గుండె మీద గొట్టం పెట్టి విన్నాడు. ఎక్కడా ఏమీ కనిపించలేదు.

“కనిపించలేదంటే కనిపించని చోట వెతకాల,” అన్నాడు తనకు వచ్చిన తెలుగులో. “ఉచ్చలో ఇన్‌ఫెక్షన్ ఉంటే మనం మంట అని చెప్తాము. ఇది చెప్తుందా? అందుకే ఇంత చిన్నదానికి కారణం తెలియని జ్వరం వస్తే నేను ఆ పరీక్ష చెయ్యకుండా వదలను. పట్టించుకోకపోతే కిడ్నీ దాకా పోతుందమ్మా. ఆడ మచ్చ పడితే జన్మంతా ఉంటుంది.”

ప్రభ బిడ్డను ఇంకా దగ్గరికి పొదువుకుంది.

కాగితంలో చుట్టిన చిన్న సీసా ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. బిడ్డను మంచినీళ్ళతో కడగాలి. మొదటి చుక్కలు పోనిచ్చి, ధార మధ్యలో, ఒంటికి తగలకుండా సీసాలో పట్టాలి. గుడ్డ పిండితే పనికిరాదు. చర్మం మీది క్రిములు కలిసిపోతే రిపోర్టును నమ్మలేం. మందు మొదలుపెట్టే ముందే పట్టి, ఐసులో పెట్టి పంపాలి.

“పట్టలేకపోతే డాక్టరుగారూ?”

“సాయంత్రం నాలుగు దాకా చూడండి. మందు అంతకన్నా ఆలస్యం చెయ్యను. అప్పుడు ఆస్పత్రిలో పొత్తికడుపులో సూది గుచ్చి తీస్తారు. చిన్న పనే, భయం లేదు,” అన్నాడాయన. సూది గుచ్చేవాళ్ళకు అది చిన్న పనే.

ఇంటికొచ్చాక ప్రభ తల ప్రాణం తోకకొచ్చింది. చెంచాతో నీళ్ళు పడుతూ, సీసా చేతిలో పట్టుకుని బిడ్డ ఎదుట కూర్చుంది. కుళాయి తిప్పింది. పొత్తికడుపు మీద తడిగుడ్డ వేసింది. కార్తీక చూస్తూ ఉండిపోయింది. లేత్ వర్కుషాపు వదిలేసి వచ్చిన భర్తతో మాట్లాడటానికి ఇటు తిరిగిందో లేదో, అటు చాపంతా తడిసింది. శ్రీకుమార్ బిడ్డనెత్తుకుని కూర్చుంటే, ఈసారి అతని చొక్కా తడిసింది. సీసాలో మాత్రం చుక్క పడలేదు. గడియారం మూడు దాటింది. బిడ్డ ఏడవడానికి కూడా ఓపిక లేక మూలుగుతోంది.

పంకజం వంటింటి గడపలో కూర్చుని ఇదంతా చూస్తూనే ఉంది. ఉచ్చలో ఏదైనా తెలుస్తుందని ఆమెకు నమ్మకం లేదు. అడగకుండా కలగజేసుకునే మనిషీ కాదు.

ప్రభకు ఆ క్షణాన అత్తగారి పాదాలు కనిపించాయి. ఇంతసేపూ ఎందుకు కనిపించలేదంటే, అడగాలంటే ముందు ఆ రోజు మాటను వెనక్కి తీసుకోవాలి కాబట్టి. బిడ్డ మూలుగు ముందు పరువెంత! లేచి వెళ్ళి గడప ముందు కూర్చుంది.

“అత్తయ్యగారూ, ఆ రోజు నేనన్న మాట తప్పు. అందరి ముందూ అనడం ఇంకా తప్పు. నాలుగింటికల్లా ఇందులో పట్టకపోతే దాని కడుపులో సూది గుచ్చి తీస్తారట.” సీసా చూపించింది.

“సూదా? కడుపులోనా?” పంకజం దిగ్గున లేచింది. “ఈ మాట పొద్దన్నే చెప్పకూడదా? తలుపెయ్యి, గాలి కొడతా ఉండాది. రేయ్ శ్రీకుమార్, నువ్వు బయటికి పో. ఇంతమంది చూస్తా ఉంటే బిడ్డ ఎట్లా పోస్తాది?”

నేలమీద కూర్చుని చీర మోకాళ్ళ దాకా లాక్కుని కాళ్ళు చాపింది. ప్రభ బిడ్డను కడిగి ఆ పాదాల మీద కూర్చోబెట్టి, సీసా మూత తీసి పక్కన వంగింది.

“ఉస్స్‌స్‌స్.”

ఏమీ లేదు. కార్తీక తల వాల్చేసింది.

“ఉస్స్‌స్‌స్. నా బంగారు గదా. అవ్వను చూడు. ఉస్స్‌స్‌స్.” పంకజం పాదాలను మెల్లగా ఊపుతూ, వంగి బిడ్డ చెవి దగ్గర మళ్ళీ అంది. కార్తీక కళ్ళు తెరిచి అవ్వ ముఖంలోకి చూసింది. ఆమె మెడలోని గొలుసును గుప్పిట్లో పట్టుకుంది. చిన్న ఒళ్ళు ఒకసారి జలదరించింది.

“వస్తా ఉండాది! ఉండు, ఉండు, మొదటిది పోనీ. ఆ, ఇప్పుడు పట్టు!”

ప్రభ పట్టింది. సన్నని వెచ్చని ధార సీసాలో పడుతున్న చప్పుడు ఆమెకు తండ్రి వాయించిన ఏ వయొలిన్ పాట కంటే కూడా తీయగా వినిపించింది. మూత బిగించి అత్తగారి భుజం మీద తల వాల్చి ఏడ్చేసింది.

“ఏడస్తా కూర్చోవద్దు, శీక్రం పంపించు,” అంది పంకజం. ప్రభ ఐసు మాటెత్తగానే సోడా కొట్టు నుంచి ముక్కలు తెప్పించి టిఫిన్ గిన్నెలో వేసి, మధ్యలో సీసా నిలబెట్టింది. శ్రీకుమార్ స్కూటరు మీద దాన్ని దేవుడి తీర్థంలా పట్టుకుపోయాడు.

సాయంత్రానికే మైక్రోస్కోపులో చీము కణాలు నిండుగా కనిపించాయి. డాక్టరు వెంటనే మందు మొదలుపెట్టాడు. రెండు రోజులకు పూర్తి రిపోర్టు వచ్చింది. ఒకే రకం క్రిమి, అంటే చర్మం మీది క్రిములేవీ కలవలేదు. ఇస్తున్న మందు సరిగ్గా దానికి పనిచేసేదే. అప్పటికే బిడ్డ ఒళ్ళు చల్లబడింది. స్కాన్ తీస్తే కిడ్నీలు రెండూ బాగున్నాయి.

“మంచి వేళకు పట్టుకున్నాము,” అన్నాడు మోసెస్ రిపోర్టు మడిచి ఇస్తూ. “మందు అయిపోయినాక ఇంకొకసారి పరీక్ష చెయ్యాల. మళ్ళీ జ్వరం వచ్చినా ముందు ఉచ్చే చూడాల.”

ప్రభ ఆయనకు రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టింది. ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ ఆమె మనసు నిండుగా ఉంది. పళ్ళ జ్వరం అని సరిపెట్టకుండా వెతికిన ఆ డాక్టరు, కడుపున సూది పడకుండా కాచిన ఈ అత్తగారు, ఇద్దరూ ఒకే రోజున దొరకడం తన అదృష్టమనుకుంది.

ఇంటికి రాగానే బిడ్డను పంకజం ఒళ్ళో పెట్టి సంగతంతా చెప్పింది.

“ఆ డాక్టరు చల్లంగా ఉండాల,” అంది పంకజం కళ్ళు ఒత్తుకుంటూ. “నా మాట ఇని పండ్లు పండ్లని కూర్చోని ఉంటే, బిడ్డ ఏమైపోయుండునో.”

“మీరు లేకపోతే ఆయనైనా ఏం చేసేవారండీ? మీ ఋణం...”

“నాకేం చెప్తావు?” పంకజం మధ్యలోనే ఆపేసింది. మనవరాలి తల నిమురుతూ, కోడలి వైపు చూడకుండా అంది. “దీనికి చెప్పు. నెల దినాలు నేను దీన్ని కాళ్ళ మీద పెట్టుకోలేదు. అయినా నన్ను మరవలేదు.”

ప్రభ అత్తగారి పక్కనే నేలమీద కూర్చుని, ఆ రోజు ఆమె చాపినట్టే కాళ్ళు చాపింది.

“ఎట్లా పెట్టుకోవాలో నాకూ నేర్పించండి,” అంది.