అచ్చులో తుమ్ము

మ్యూనిక్‌లో ప్రొఫెసర్ హాగ్మయర్ శిల్పశాల తలుపు తీయగానే బొమ్మలన్నీ తుమ్ముతాయి. అంత ప్లాస్టర్ దుమ్ములో ఎవరికైనా అంతేగా! ఆయన కోటు తగిలిస్తూ, తుమ్మినవాళ్ళని అక్కడ దీవించే పద్ధతిలో "ఆరోగ్యం, ఆరోగ్యం" అని వరసగా అందరికీ చెప్పుకుంటూ పోతాడు. గురువుకే మర్యాద తెలియకపోతే ఎలా మరి?

ఆ సోమవారం మాత్రం మూలలోంచి ఏడుపు వినిపించింది. శిష్యురాలు ఎర్నా. యుద్ధం తర్వాత శిథిలాల్లో ఇటుకలేరి తనను సాకి, పోయినేడు చనిపోయిన తల్లి బొమ్మ చేస్తోంది. మట్టి బొమ్మ మీద ప్లాస్టర్ అచ్చు వేసి, మట్టి తవ్వేసి, ఆ బోలులో మళ్ళీ ప్లాస్టర్ పోసింది. ఇక అచ్చు పగలగొట్టడమే మిగిలింది. మధ్యాహ్నం పరీక్ష సంఘం వస్తుంది. బొమ్మ లేకపోతే ఎర్నాకు క్లాసులో చోటుండదు. ఇటుకలవాళ్ళకి శిల్పమెందుకని సంఘం పెద్ద ఫింక్ ముందే అనేశాడు కూడా.

"అచ్చు మొదటి పూతలో నీలం కలపడం మర్చిపోయానండీ."

హాగ్మయర్ వంగి అచ్చు అంచు చూశాడు. ఆ నీలం కనబడితేనే ఉలి ఆగేది. ఇప్పుడంతా తెలుపే. అచ్చు ఎక్కడ ఆగుతుందో, అమ్మ ఎక్కడ మొదలవుతుందో దేవుడికే తెలియాలి.

"ఏడిసినట్టుంది నీ తెలివి!"

"చెయ్యి తిరిగినవారు, మీరే కొట్టిపెట్టండి ప్రొఫెసర్ గారూ."

శిష్యుల పని మీద ఆయన ఏనాడూ చెయ్యి వెయ్యలేదు. ఇవాళ మాత్రం వేళ్ళు లాగాయి, పాపం పిల్ల! అయినా చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"అమ్మ నీది. నువ్వే తియ్యాలి."

అచ్చు లోపల ఎవరో సన్నగా ముక్కు ఎగబీల్చారు. ఎర్నా అక్కడ చెవి ఆనించి విన్నది. కళ్ళు తుడుచుకుంది.

"మీ ముక్కుపొడి డబ్బా ఇటివ్వండి."

"ఇదెప్పటి అలవాటే నీకు?"

"నాక్కాదండీ, అమ్మకి."

చప్పుడొచ్చిన చోట సన్నటి ఉలితో తొలవసాగింది. ఒక్క పోటు తప్పితే ముక్కుండదు. చిల్లు పడగానే ఎర్నా చిటికెడు పొడి పెట్టి ఉఫ్ఫని ఊదింది.

హాచ్! అచ్చు ముక్కలై గది నిండా ఎగిరింది.

మట్టిలో ఎర్నా చేసింది గంభీరమైన ముఖం. ఇప్పుడు కళ్ళు చికిలించి, ముక్కు ముడిచి, నోరంతా నవ్వుతో నిలబడిందావిడ. ఇటుక దుమ్ముతో ఇంటికొచ్చి, గుమ్మంలో తుమ్మి అలాగే నవ్వేది. ఎర్నా బొమ్మను వాటేసుకుని బావురుమంది.

మధ్యాహ్నం ఫింక్ వచ్చాడు. దేన్ని చూసినా 'ఊఁ' అని ముందుకు కదిలే మనిషి. దగ్గరికి రాగానే బొమ్మ మళ్ళీ తుమ్మింది.

"ఆరోగ్యం కలగాలమ్మా," అని టోపీ తీసేశాడు. చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. "ఈ పిల్ల వద్దన్నదెవరు?"

"తమరేనండీ," అన్నాడు హాగ్మయర్.

ఫింక్ దగ్గాడు. "పేరు?"

"ఎర్నా అండీ."

"నీది రాసుకున్నాంలే. ఈవిడది?"

"మార్తా కోల్బ్."

"పీఠం మీద పెద్ద అక్షరాలతో చెక్కు."

సంఘంవాళ్ళు మెచ్చుకోలుగా, అక్కడి పద్ధతిలో పిడికిళ్ళతో బల్ల మీద దరువేశారు. హాగ్మయర్ వేసిన దరువుకి వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి చూశారు.